200–500 లెన్సుతో తిరిగేవారికి జేబులో ఇంకో చిన్న కెమెరా అవసరమా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ దగ్గర నికాన్ డీ7500 ఉంది, దానికి 18–55 కిట్ లెన్సు, 200–500 జూమ్ ఉన్నాయి. చలికాలంలో పక్షుల కోసం ఉప్పలపాడు, నేలపట్టు వెళ్తుంటారు, ఇంట్లోవాళ్లు కూడా వెంట వస్తారు. పెద్ద లెన్సు బిగించి ఉన్నప్పుడు పిల్లల ఫొటోలు చేజారిపోతున్నాయి. ఫోన్‌తో తీసినవి ఆల్బమ్‌లో మిగతావాటి పక్కన అతకడం లేదు. జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా కొనాలా, ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఇంకో బాడీ (లెన్సు లేని పెద్ద కెమెరా) తీసుకోవాలా, రెండు కెమెరాల ఫొటోలు కలిపితే తేడా తెలిసిపోతుందా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. కాంపాక్టే కొనండి. కానీ ఒక అంగుళం సెన్సర్‌కి (వెలుగుని ఫొటోగా మార్చే చిప్) తక్కువది వద్దు. మీ పెద్ద లెన్సు చేసే పనే చేస్తానని ఊరించేది అసలు వద్దు. అంటే, ముప్పై రెట్లు జూమ్ అని డబ్బా మీద రాసి ఉండే కెమెరా జోలికి పోకండి. దూరం చూడటానికి మీకు 200–500 ఉండనే ఉంది. మీకు లేనిది దగ్గర, వెడల్పు, చీకటి. ఈ మూడూ చేసేది కావాలి.

నేను పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీసి బతికేవాడిని. పక్షులు నా సొంత సరదా. రెండు చోట్లా పెద్ద కెమెరా పక్కన చిన్నది పెట్టుకునే తిరుగుతాను కాబట్టి, పుస్తకంలో చదివింది కాకుండా చేతికి తెలిసింది చెప్తాను.

డీ7500 సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ సైజు) కంటే చిన్నది కాబట్టి, మీ 200–500 దాని మీద ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 300 నుంచి 750 ఎంఎం లెన్సులా చూస్తుంది. దగ్గరగా ఫోకస్ చేయాలంటే కనీసం 2.2 మీటర్లు దూరం జరగాలి. పిల్లాడు పరిగెత్తుకొచ్చి "నాన్నా, ఈ ఈక చూడు" అని చేతిలో పెట్టి చూపిస్తే, మీ చేతిలో ఉన్న మూడు కిలోల సామాను దేనికీ పనికిరాదు. లెన్సు విప్పి, కిట్ లెన్సు బిగించి, మూతలు ఎక్కడ పెట్టామో వెతుక్కునేలోపు వాడు ఇంకో ఈక కోసం పోతాడు. పైగా నేలపట్టు దారిలో దుమ్ము, పులికాట్ గట్టున ఉప్పుగాలి. అలాంటి చోట లెన్సు విప్పడమంటే సెన్సర్ మీదకి చెత్తను పిలిచి కూర్చోబెట్టడమే. లెన్సు మార్చే పని తప్పడం ఒక్కటే చాలు, చిన్న కెమెరా డబ్బు గిట్టుబాటు అయినట్టే.

ఇక క్వాలిటీ. చాలామంది సెన్సర్ సైజు ఒక్కటే చూసి "పెద్దదాని ముందు ఇదెంత" అని తేల్చేస్తారు. లెన్సు సంగతి మర్చిపోతారు. కాస్త లెక్క వేద్దాం. డీ7500 సెన్సర్ 23.5 × 15.7 ఎంఎం, వైశాల్యం సుమారు 369 చదరపు ఎంఎం. ఒక అంగుళం సెన్సర్ అనేది పేరుకే అంగుళం, కొలిస్తే 13.2 × 8.8 ఎంఎం, అంటే 116. మూడో వంతు కంటే కాస్త తక్కువ. ఇంతవరకూ పెద్దదే గెలిచింది. కానీ మీ 18–55 వెడల్పు చివర ఎఫ్/3.5 దగ్గర మొదలవుతుంది (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెలుగు లోపలికి పంపుతుంది). మంచి కాంపాక్ట్‌లు ఎఫ్/1.8 దగ్గర మొదలవుతాయి. ఎఫ్/3.5 నుంచి ఎఫ్/1.8కి వస్తే సెన్సర్ మీద పడే వెలుగు దాదాపు నాలుగు రెట్లు. సెన్సర్ మూడు రెట్లు చిన్నది, వెలుగు నాలుగు రెట్లు ఎక్కువ. చీకటి గదిలో ఒకే షట్టర్ స్పీడ్‌కి మీ కిట్ లెన్సు ఐఎస్‌ఓ (తక్కువ వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200 అడిగితే, కాంపాక్ట్‌కి ఇంచుమించు 800 సరిపోతుంది. చివరికి రెండు ఫొటోల్లో గ్రెయిన్ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. వెనక బ్లర్ కూడా ఇంచుమించు అంతే వస్తుంది.

కాబట్టి కిట్ లెన్సుతో పోలిస్తే మీరు పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదు. అదే డీ7500కి 35 ఎంఎం ఎఫ్/1.8 లాంటి ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) బిగిస్తే మాత్రం కథ మారుతుంది. అప్పుడు పెద్దది ఒక స్టాపున్నరకి పైగా (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) ముందుంటుంది, కాంపాక్ట్ అందుకోలేదు. మీ అసలు ఇబ్బంది ఇంట్లో లైట్ల కింద తీసే ఫొటోలే అయితే, ఆ ప్రైమ్ ఒక్కటి కొనుక్కోండి, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. కానీ మీరు రాసిన దాన్నిబట్టి మీ ఇబ్బంది బయట, పెద్ద లెన్సు బిగించి ఉన్నప్పుడు.

చవకగా దొరికే మామూలు కాంపాక్ట్‌ల్లో ఉండే సెన్సర్ సుమారు 28 చదరపు ఎంఎం. మీ దానిలో పదమూడో వంతు. అందులో జూమ్ ఎంత ఉన్నా సాయంత్రం అయిదు దాటాక ముఖాలు పిండి పూసినట్టు వస్తాయి. ఈమధ్య కుర్రాళ్లు పాత కాంపాక్ట్‌లు వెతికి మరీ కొంటున్నారు. ఆ పాతకాలం రంగుల కోసమైతే సరే, మీ ఆల్బమ్‌కి అవి పనికిరావు.

ఇంకో బాడీ ఎందుకు వద్దంటున్నానంటే, నేను పెళ్లికి రెండు బాడీలు పట్టుకెళ్తాను. కారణం ఒకటే. తలంబ్రాల సమయంలో ఒకటి ఆగిపోతే పెళ్లి మళ్లీ చేయరు. డబ్బు తీసుకున్నాక ఆ టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. మీకు ఆ బాధ లేదు. మెడలో ఇంకో బాడీ వేలాడుతుంటే అది వంగినప్పుడల్లా 200–500కి కొట్టుకుంటుంది. ఇంకో సంగతి, అంత బరువుంటే నాలుగోసారికి దాన్ని కారులోనే వదిలేసి దిగుతారు. మూడు వందల గ్రాముల కాంపాక్ట్‌ని ఎవరూ కారులో వదిలేయరు.

ఏ మోడల్? సోనీ ఆర్‌ఎక్స్100 వరసలో మూడోది (2014) నుంచి అయిదోది దాకా ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24–70, ఎఫ్/1.8–2.8 లెన్సు. ఆరోది, ఏడోది (2019) 24–200, కానీ ఎఫ్/2.8–4.5. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 2 అయితే 24–100, ఎఫ్/1.8–2.8. దాని మెనూ సులువు, టచ్ ఉంది, ఇంట్లోవాళ్లకి ఇచ్చినా తీసేస్తారు. అయితే వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) లేదు, మిట్టమధ్యాహ్నం ఎండలో స్క్రీన్ కనపడదు. సోనీలో పైకి లేచే బుల్లి వ్యూఫైండర్ ఉంది. రికో జీఆర్ 3 సెన్సర్ మీ డీ7500 దానంతే ఉంటుంది, జేబులో పడుతుంది, షార్ప్‌నెస్ చూస్తే ముచ్చటేస్తుంది. కానీ 28 ఎంఎం ఒక్కటే, జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, స్క్రీన్ వంగదు. వీధి ఫొటోలు తీసేవాడికి చెప్తాను గానీ పిల్లలతో తిరిగే మీకు చెప్పను. ఫుజీ ఎక్స్100 వరస చక్కటి కెమెరాలే, కానీ జేబులో పట్టవు, ధరకి రెక్కలొచ్చాయి.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. కాంపాక్ట్ 70 దగ్గర ఆగిపోయి, పెద్ద లెన్సు 300 దగ్గర మొదలైతే మధ్యలో ఖాళీ కదా, 24–200 ఉన్న ఏడోది కొంటే పోదా అని. పోతుంది, నిజమే. కానీ ఆ ఖాళీలో పడే ఫొటోలు మనం అనుకున్నన్ని ఉండవు. పిల్లల దగ్గరికి రెండడుగులు వేస్తే దూరం తగ్గుతుంది. వెలుగు తక్కువైతే మాత్రం ఎంత నడిచినా పెరగదు. మీరు ఎక్కువగా పగలే తిరిగితే ఏడోది, గుళ్లూ ఫంక్షన్లూ ఉంటే ఎఫ్/1.8 ఉన్నది. నా ఓటు రెండోదానికి.

పక్షుల దగ్గర దీనికేం పని అంటారా? నేలపట్టులో వాచ్‌టవర్ ఎక్కితే నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. 500 ఎంఎంలోంచి చూస్తే ఒక తల, ఒక ముక్కు, కింద వేలాడే సంచి. బాగుంటుంది. కానీ ఒక్కో చెట్టు మీద ఎన్ని గూళ్లున్నాయో, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో, గట్టుకి ఎంత దూరమో చూపించే ఫొటో చాలామంది దగ్గర ఉండదు. రెండు మూడేళ్లు పోయాక చూసుకుంటే పక్షి ముఖాలు కుప్పలుగా ఉంటాయి, ఆ చెరువు ఏ ఏడాది ఎలా ఉందో చెప్పేది ఒక్కటీ ఉండదు. ఉప్పలపాడులో ఇంకా తేడా. ఊరి చెరువు, మధ్యలో చెట్లు, చుట్టూ ఇళ్లు. ఒక్కోసారి పక్షి మరీ దగ్గరికొచ్చి ఫ్రేములో పట్టదు. ఊరూ పక్షులూ కలిసి బతికే ఆ తీరు చూపించాలంటే 24 ఎంఎం కావాలి. నేనైతే వెళ్లగానే కాంపాక్ట్‌తో నాలుగు వైపులా తీసేసి, ఆ తర్వాతే పెద్దది భుజానికెత్తుతాను. పక్షి కోసం కాచుకుని కూర్చున్నప్పుడు కాంపాక్ట్‌ని రెయిలింగ్ మీద పెట్టి వీడియో నడిపిస్తాను. పెద్దదాన్ని కదపక్కర్లేదు.

గుళ్లలో ఇంకో ఉపయోగం ఉంది, ఇది కొంచెం వివరంగా చెప్పాలి. లేపాక్షి వీరభద్రస్వామి గుడి మండపం కప్పు మీద విజయనగర కాలం నాటి బొమ్మలున్నాయి. మెడ వెనక్కి విరిచి పెద్ద కెమెరాతో తీస్తే చేతులు వణుకుతాయి, ఫ్రేము వంకర పోతుంది. రంగుల బొమ్మల మీద ఫ్లాష్ కొట్టకూడదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి అనుమతి కావాలి. కాంపాక్ట్‌ని వెల్లకిలా నేల మీద, మండపం మధ్యలో, మడిచిన కర్చీఫ్ మీద పెట్టండి. 24 ఎంఎం, ఎఫ్/4, ఐఎస్‌ఓ 125, రెండు సెకన్ల టైమర్. నొక్కి పక్కకి జరగండి, లేకపోతే మీ తల కూడా పడుతుంది. షట్టర్ అర సెకను తెరుచుకున్నా నేల కదలదు కదా. ఫొటో నిలువుటద్దంలా నిటారుగా వస్తుంది. వంగే స్క్రీన్ ఉంటే దాన్ని కొద్దిగా తెరిచి, పక్కన కూర్చుని ఫ్రేము సరిచూసుకోవచ్చు. రామప్ప రంగమండపం కప్పు చెక్కడాలకీ ఇదే పద్ధతి. జనం లేని పొద్దున వెళ్లండి, లేకపోతే ఎవరో ఒకరు కాలు వేస్తారు. గుళ్లలో ఎక్కడ కెమెరా ఒప్పుకుంటారో ముందు కనుక్కోండి. తిరుమల గుడి లోపలికి కెమెరా, ఫోన్ ఏదీ రానివ్వరు, చిన్నది కదా అని జేబులో పెట్టుకెళ్లే ఆలోచన చేయకండి.

పెళ్లిళ్లలో నాకు ఇది ఎక్కువగా అక్కరకొచ్చేది జీలకర్ర–బెల్లం దగ్గర. ముహూర్తం వేళకి పీటల చుట్టూ బంధువులు ఫోన్లు పట్టుకుని గోడ కట్టేస్తారు. పెద్ద కెమెరా దూర్చడానికి సందు ఉండదు. కాంపాక్ట్‌ని ఒంటి చేత్తో తలల మీంచి ఎత్తి, స్క్రీన్ కిందికి వంచి చూస్తూ తీస్తాను. రెండు తలల మీద రెండు చేతులు, మధ్యలో తెర, పక్కన పురోహితుడి గారి వేళ్లు, అన్నీ పై నుంచి కనిపిస్తాయి. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు కూడా అంతే. పెద్ద లెన్సు చూడగానే పెద్దమ్మలు, పిన్నులు బిగుసుకుపోయి కొంగు సర్దుకుంటారు. చిన్నది చూస్తే ఎవరూ లెక్కచేయరు, నవ్వుతూనే ఉంటారు.

ఫ్లాష్ గురించి ఒక్క మాట. ఆర్‌ఎక్స్100 పాప్-అప్ ఫ్లాష్‌ని చూపుడువేలితో మెల్లగా వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు సీలింగ్‌కి తగిలి కిందికి దిగుతుంది. తెల్లటి, తక్కువ ఎత్తు సీలింగ్ ఉన్న గదిలో ముఖాలు మెత్తగా వస్తాయి. ఫంక్షన్ హాలు ఎత్తుకి అది చాలదు. ఇంకోటి, ఈ కెమెరాల్లో షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఎండలో 1/1000 స్పీడ్ దగ్గర కూడా ఫ్లాష్ కలుస్తుంది. టోపీ నీడలో ఉన్న పిల్లల ముఖాలకి అది చాలు, రెండు మీటర్ల లోపు ఉంటే.

రెండింటి ఫొటోలు కలవాలంటే ముందు గడియారాలు కలపండి. రంగుల గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఎవరూ అడగరు. రెండు కెమెరాల్లో టైమ్ నాలుగు నిమిషాలు తేడా ఉంటే, కంప్యూటర్‌లో వరస పెట్టినప్పుడు పిల్లాడు కేక్ తిన్నాక కొవ్వొత్తి ఊదుతాడు. బయల్దేరే ముందు ఫోన్‌లో సెకన్లు కనపడే గడియారం పెట్టి రెండు కెమెరాలతోనూ ఒక్కో ఫొటో తీయండి. తేడా ఎంతో అందులోనే ఉంటుంది. లైట్‌రూమ్‌లో (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) ఒక కెమెరా ఫొటోలన్నీ ఎంచుకుని టైమ్ ఒకేసారి జరిపేయొచ్చు. అలాగే నికాన్, సోనీ రెండూ ఫైలు పేర్లు "డీఎస్‌సీ" అనే మొదలుపెడతాయి. డీ7500 మెనూలో ఆ మూడు అక్షరాలు మార్చుకోవచ్చు, మార్చేయండి.

రంగుల విషయానికొస్తే, రెండింటిలోనూ రా ఫైల్ (కెమెరా రంగులు దిద్దకుండా సెన్సర్ చూసింది చూసినట్టు దాచే ఫైలు) పెట్టుకోండి. రెండు కంపెనీల జేపెగ్‌లు మనుషుల ఒంటి రంగుని రెండు రకాలుగా చూపిస్తాయి, తర్వాత ఎంత లాగినా కలవవు. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా రంగు సరిచేయడం) కోసం రెండింటిలోనూ కెల్విన్ ఒకే అంకె పెట్టినా ఒకేలా రాదు. ఒక గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) కొనుక్కుని, వెలుగు మారినప్పుడల్లా రెండు కెమెరాలతో దాన్నొకసారి తీయండి. ఇంటికొచ్చాక దాని మీద ఒక్క క్లిక్‌తో వైట్ బ్యాలెన్స్ దారికొస్తుంది. కుంకుమ, ఎర్ర పట్టుచీర, బంతిపూల దండ ఉన్నచోట కాంపాక్ట్‌లో ఎక్స్‌పోజర్ అర స్టాపు పైనే తగ్గించండి. ఎరుపు ఒకసారి ముద్దయిపోతే నేత కనపడదు, రా ఫైల్ కూడా తిరిగి తేలేదు. ఆకారం బెంగ అక్కర్లేదు, నికాన్, సోనీ, కెనాన్ జీ7ఎక్స్ అన్నీ 3:2 ఫ్రేమే. ఫోన్లు సాధారణంగా 4:3. మీ ఆల్బమ్‌లో ఫోన్ ఫొటోలు అతకకపోవడానికి రంగుతో పాటు ఇదీ ఒక కారణం.

కాంపాక్ట్‌లో సెట్టింగులు ఒకసారి పెట్టి వదిలేయండి. నేను పెట్టేవి: 'ఏ' (A) మోడ్, అంటే ఎఫ్ అంకె మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకునేది, ఎఫ్/2.8, ఆటో ఐఎస్‌ఓ 3200 దాకా, షట్టర్ 1/125 కంటే తగ్గకుండా. స్విచ్ వేయాలి, తీయాలి, జేబులో పెట్టాలి. అక్కడ నిలబడి మెనూలు తిప్పుకుంటే ఇక పెద్ద కెమెరాకీ దీనికీ తేడా ఏముంది? సైలెంట్ షట్టర్ మాత్రం ఎల్‌ఈడీ లైట్ల కింద వాడకండి, ఫొటో మీద అడ్డగీతలు పడతాయి.

బ్యాటరీ చిన్నది, రోజంతా రాదు. ఒకటి అదనంగా ఉంచుకోండి, కారులో పవర్ బ్యాంక్‌తో చార్జింగ్ పెట్టుకోండి. ప్యాంటు జేబులో ఉత్తినే వేసుకోకండి. జేబులోని నూలుపొడి, లెన్సు లోపలికీ బయటికీ కదిలేటప్పుడు లోపలికి పోతుంది. మీ డీ7500లో అయితే లెన్సు విప్పి సెన్సర్ తుడిపించుకోవచ్చు, కాంపాక్ట్ మొత్తం విప్పాలి. బెల్టు పౌచ్ చాలు, లోపల ఒక సిలికా జెల్ పొట్లం. ఏసీ కారులోంచి దిగగానే పౌచ్ తెరవకండి, కోస్తా ఉక్కలో అద్దం మీద ఆవిరి పడుతుంది. కాసేపు ఆగండి.

దీని నుంచి ఆశించకూడనివి కూడా ఉన్నాయి. ఎగిరే పక్షి వద్దు. సాయంత్రం ఆటల పోటీలు వద్దు. డీ7500 పాడైతే దీంతో గడిపేద్దాం అనుకోవద్దు, 500 ఎంఎం ఉన్నచోట ఇది దానికి బదులు కాదు.

కొనే ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. రెండు మూడు సార్లు బయటికెళ్లినప్పుడు ఫోన్‌లో రా ఆన్ చేసి, కాంపాక్ట్ ఉందనుకుని వాడండి. ఆ ఫొటోలు మీకు నచ్చేస్తే కొనకండి. ఫోన్ దూరపు ముఖాలు మైనంలా చేసేస్తోందనో, ఫోకస్ కుదిరే టైముకి కాల్ వస్తోందనో విసుగొస్తే అప్పుడు కొనండి.

సెకండ్ హ్యాండ్ అయితే మనిషిని కలిసి, చేతిలోకి తీసుకుని చూడండి. పదిసార్లు ఆన్, ఆఫ్ చేయండి. లెన్సు ఎక్కడా ఆగకుండా, గరగరమనకుండా రావాలి, మూత రేకులు పూర్తిగా తెరుచుకోవాలి. ఎఫ్/11 పెట్టి ఆకాశాన్ని లేదా తెల్ల గోడని తీసి పెద్దది చేసి చూడండి. మచ్చలుంటే దుమ్ము లోపలికి వెళ్లినట్టే, బేరం వదిలేయండి. నాలుగు మూలల్లో ఒక్కటి మిగతావాటికంటే మసకగా ఉంటే కెమెరా ఎప్పుడో కింద పడిందని అర్థం. పాప్-అప్ వ్యూఫైండర్, ఫ్లాష్ రెండూ లేపి దించి చూడండి. ఛార్జర్, బిల్లు ఉన్నాయా అడగండి. మీకు ఏదైనా మోడల్ దొరికితే ఆ ఆకాశం ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.